ఇరవై రెండేళ్ల ఇంజను

రంపపు పొట్టులో బతికే ఇంజను ఏడెనిమిదేళ్లు నడిస్తే గొప్పేనని మా మెకానిక్కు అనేవాడు. మా బావ చేతిలో అది ఇరవై రెండేళ్లు నడిచింది. దాని ప్రాణం పోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఊరికే ఉన్నానని చెప్పుకోవడం తేలికే. అది పూర్తి నిజం కాదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయనది తిరిగే కోతమిషను. చక్రాల బండి, దాని మీద రెండు పొడవాటి ఇనప పట్టాలు, పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరిగే రంపం, ఆ రంపాన్ని తిప్పే పెట్రోలు ఇంజను. గాలివానకి చెట్టు కూలినా, పెరట్లో చెట్టు గోడ మీదికి ఒరుగుతోందని ఎవరైనా కొట్టించినా, బావ తన పాత వ్యానుకి ఈ బండి తగిలించుకుని అక్కడికే వెళ్లేవాడు. మొద్దుని అక్కడికక్కడే చెక్కలుగా కోసి, గాలి ఆడేలా మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి వచ్చేవాడు. నేను వడ్రంగిని. అందులో సగం చెక్క చివరికి నా కొట్టుకే చేరేది.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా రంపాన్ని చూసేవారు. ఆయన మాత్రం ఇంజనునే చూసేవాడు. వ్యాను దిగగానే మొదట బయటికి తీసేది రసమట్టం. తాపీ మేస్త్రీలు గోడకి పెట్టే ఆ గాజు బుడగ కొయ్యని ఇంజను కింద పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేదాకా చక్రాల కింద చెక్కముక్కలు దోపేవాడు. ఒక్కోసారి దానికే ముప్పావు గంట పట్టేది. చెట్టు యజమాని విసుక్కునేవాడు, నేనూ విసుక్కునేవాణ్ణి.

"పెళ్లిచూపులకి వచ్చావా బావా, పీట వంకర పోతుందని సరిచేస్తున్నావు?" అనేవాణ్ణి.

"దీనికి నూనె పంపు లేదురా. లోపల చెంచా లాంటిదొకటి ఉంటుంది. అది నూనెని చిమ్మాలి. బండి వాలిందనుకో, నూనె ఒక పక్కకి పోతుంది, చెంచాకి అందదు. నీ మీసాలకి నూనె లేకపోయినా బతుకుతావు, ఇది బతకదు."

నా మీసాల మీద ఆయనకి ఎప్పుడూ ఒక కన్నుండేది. ఒత్తుగా, పై పెదవి పూర్తిగా కప్పేసి ఉండేవి అప్పట్లో. వాటి సంగతి మళ్లీ వస్తుంది.

ఇంజను అంటించాక ఐదు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చేవాడు, ఆపే ముందు మరో ఐదు నిమిషాలు. పరిగెత్తుకొచ్చినవాణ్ణి ఒక్కసారి కుర్చీలో కూలేస్తే గుండె పట్టుకుంటుంది అనేవాడు. ఎవరు తొందరపెట్టినా ఆ ఐదు నిమిషాల్లో ఒక్క నిమిషం తగ్గేది కాదు. రంపం కాస్త మొద్దుబారితే చాలు, మార్చేసేవాడు. ఇంజన్లని చంపేది పని కాదు, మొద్దుబారిన రంపం అని ఆయన సిద్ధాంతం. గాలి పీల్చే చోట ఉండే స్పాంజి జల్లెడని మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి సబ్బునీళ్లలో పిండి నీడలో ఆరేసేవాడు. బండి పక్కన ఒక నల్లపలక వేలాడుతుండేది. ఇంజను ఒక గంట నడిస్తే దాని మీద ఒక సుద్దగీత. యాభై గీతలు పడగానే నూనె మార్చి, పలక తుడిచి, మళ్లీ మొదటి గీత గీసేవాడు. నలభై తొమ్మిదో గంటలో పని మిగిలిపోయిందని యాభై రెండు దాకా లాగినట్టు నాకు గుర్తులేదు.

వాళ్లకి పిల్లల్లేరు. మా అక్క ఆ ఇంజనుకి 'అల్లుడుగారు' అని పేరు పెట్టింది. వేళకి తిండి, వేళకి స్నానం, పక్కన నిలబడి సేవలు, ఏ చిన్న తేడా వచ్చినా అలక. "కూతురు లేకపోయినా అల్లుడొచ్చి కూర్చున్నాడురా మా ఇంట్లో" అని నవ్వేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ మాట అన్న ప్రతిసారీ నేను వేరే వైపు చూసేవాణ్ణి.

ఇవన్నీ ఒక ఎత్తు, బావ చెవులు ఒక ఎత్తు. పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అందుకే ఆయన్ని అందరూ డాక్టరు అనేవారు. ఒకసారి నా కళ్లముందే, చక్కగా నడుస్తున్న ఇంజనుని నిదానానికి తెచ్చి, ఐదు నిమిషాలు ఆగి, ఆపేశాడు. ఏమైంది అంటే, ఏదో గొణుగుతోంది అన్నాడు. నాకు గొణుగుడూ లేదు సణుగుడూ లేదు. ఇంజనుని బండికి బిగించిన నాలుగు బోల్టుల్లో ఒకటి వెంట్రుకవాసి వదులైంది. దాన్ని బిగించి, నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

చెవులకి దూది పెట్టుకో బావా అని ఎన్నిసార్లు చెప్పానో. "చెవులు మూసుకుంటే అది చెప్పేది ఎవరు వింటారు, నువ్వా?" అనేవాడు. ఇంజనుకి అన్ని జల్లెడలు పెట్టిన మనిషి తన చెవులకి ఒక్కటీ పెట్టుకోలేదు. ఇరవై ఏళ్లు, రోజుకి ఐదారు గంటలు, ఆ మోతకి రెండడుగుల దూరంలో.

వినికిడి ఎప్పుడు తగ్గడం మొదలైందో నాకు తెలియదు. నేను గమనించిన రోజు మాత్రం తెలుసు. మా అమ్మకి ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో చేర్చాం. ఆ సంగతి చెబుదామని వెళ్లాను. బావ గేటు దగ్గర రంపానికి పళ్లు పదును పెడుతున్నాడు. చెప్పాను. ఆయన తలెత్తి, చిరునవ్వుతో "ఊ, మంచిదే" అని మళ్లీ పనిలో పడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్తగారి మీద ఎంత కోపమున్నా అలా అంటాడా మనిషి? వారం రోజులు మొహం చూడలేదు. చివరికి మా అక్కే నా కొట్టుకొచ్చి, స్టూలు మీద కూర్చుని చెప్పింది.

"మీ బావకి వినబడట్లేదురా."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లుగా. ఎవరేమన్నా ఊ అంటారు. ఊ అంటే ఎవరూ రెండోసారి చెప్పరు కదా. నేను ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. నీ మాట అసలు అందదట. నీ మీసాలడ్డం."

నేను నవ్వబోయాను. అక్క నవ్వలేదు.

బావని ఆస్పత్రికి బలవంతాన తీసుకెళ్లాం. చెవుల డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులూ మోత వల్లే పోయాయని, పోయింది తిరిగి రాదని, ఆ పని మానేస్తే ఉన్నది కొన్నాళ్లు నిలుస్తుందని చెప్పింది. చెవిలో పెట్టుకునే మిషను పెడితే మాట కంటే ఇంజను మోతే ఎక్కువ చేసి వినిపిస్తుందట. అన్నీ కాగితం మీద రాసి చూపించింది. బావ చదివి, ఒక్కటే అడిగాడు. "ఇంజను ఆపేశాక కూడా నాకు వినబడుతూనే ఉంటుందమ్మా. అదెప్పుడు ఆగుతుంది?" ఆమె అదే కాగితం మీద 'అలవాటవుతుంది' అని రాసింది.

ఆ సంగతి అప్పటిదాకా మా అక్కకి కూడా తెలియదు. ఆయన సాయంత్రాలు షెడ్డులోకి వెళ్లి ఇంజను మీద చెయ్యి వేసి వస్తుంటే, చల్లారిందో లేదో చూడ్డానికి అనుకునేది. వేడి మీద టార్పాలిన్ కప్పకూడదని ఆయన నియమం కదా. ఆయన వెళ్లేది అది నిజంగా ఆగి ఉందో లేదో చూడ్డానికి.

పని మానలేదు. మానేస్తే ఏం చేస్తాడు? అరవై దగ్గరపడుతున్న మనిషి. చెవిటివాడి చేత రంపం పట్టించడానికి ఎవరు ఒప్పుకుంటారు? అందుకే దాచాడు. ఫోన్లు మా అక్క ఎత్తేది, "ఆయన పనిలో ఉన్నారు, కొలతలు నాకు చెప్పండి" అనేది. స్క్రూడ్రైవరు పిడి చెవికి బదులు పళ్ల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మోత ఎముకల్లోంచి వస్తుందట. చూసినవాళ్లు డాక్టరుకి కొత్త చాదస్తం పట్టుకుందనుకున్నారు. నిజం చెప్పొద్దూ, అది పనిచేసింది. రెండేళ్లు అలాగే లాక్కొచ్చాడు. ఆ రెండేళ్లలో ఇంజను ఒక్కసారి కూడా మొరాయించలేదు. "నేనున్నంత కాలం ఇది ఉంటుందిరా" అనేవాడు. అది పోతే కొత్తది కొనే వయసు కాదు. కొన్నా, కొత్త ఇంజను భాష నేర్చుకోవడానికి చెవుల్లేవు. అది పోయిన రోజు ఆయన పనీ పోతుంది. ఇది ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

నా నోరు మంచిది కాదు. నా కొట్లో ఒకరోజు నలుగురైదుగురు ఉన్నారు. నేను ఒకటిన్నర అంగుళం చెక్క కావాలన్నాను. బావ ఊ అని, అంగుళం చెక్క దింపాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నీతో" అన్నాను. ఏదో ఊపులో అన్నాను. అందరూ నవ్వారు. ఆయనకి నా మాట అందలేదు, నవ్వు మాత్రం కనబడింది. ఒక్కొక్కరి మొహం చూశాడు. చెక్కలన్నీ మళ్లీ వ్యానులోకి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నెలరోజులు నా గుమ్మం తొక్కలేదు. అక్క వచ్చి, నా చేత మాట తీసుకుంది. "నలుగురిలో ఆయన చెవుల ఊసు నీ నోటెంట రాకూడదు. ఏం జరిగినా సరే."

ఏం జరిగినా సరే అంది. నేను సరే అన్నాను.

ఆ తర్వాత మూడు నెలలకి బడి పని వచ్చింది. బడి ఆవరణలో పెద్ద చెట్టు ఎండిపోతే కొట్టేశారు. ఆ చెక్కతోనే పిల్లలకి బల్లలు చేయాలి. కోత బావది, బల్లలు నావి. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. బావ పొద్దున్నే వచ్చి రసమట్టం పెట్టి, చక్రాల కింద చెక్కలు దోపి, బుడగ మధ్యకి తెచ్చాడు. పలక మీద ముప్పై గీతలున్నాయి. గంట తర్వాత ముప్పై ఒకటోది గీశాడు.

రెండో గంట నడుస్తుండగా ఒక పక్క చక్రం, దాని కింది చెక్కతో సహా, నెమ్మదిగా మట్టిలోకి దిగింది. ఎవరూ చూడలేదు. పొట్టు కుప్పలు చక్రాన్ని కప్పేశాయి. హెడ్మాస్టరు, వాచ్‌మన్, ఇద్దరు టీచర్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. హెడ్మాస్టరు బావని మెచ్చుకుంటున్నాడు, బావ ఊ కొడుతున్నాడు. అప్పుడే నాకు వినబడింది. మోత లోపల ఇంకో చప్పుడు. పొడిగా, ఇనప డబ్బాలో గులకరాయి పడ్డట్టు. నాకే వినబడిందంటే చిన్న తేడా కాదు.

దగ్గరికి వెళ్లి, "బావా, చప్పుడు తేడాగా ఉంది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. నా మొహం చూశాడు. ఒక్క క్షణం ఆగి, "ఊ" అని తలూపి, మళ్లీ రంపాన్ని తోశాడు.

ఆ ఊ ఎలాంటి ఊ నాకు తెలుసు. రెండేళ్లుగా ఆ ఊ అనే మనిషితోనే తిరుగుతున్నాను. చెయ్యి పట్టుకు లాగితే సరిపోయేది. నేనే వెళ్లి ఆపేసినా సరిపోయేది. కానీ హెడ్మాస్టరు అక్కడే ఉన్నాడు. లాగితే, ఏమిటని అడుగుతాడు. అరిస్తే, రెండోసారి అరవాలి, మూడోసారి అరవాలి, అప్పుడందరికీ తెలిసిపోతుంది. అక్కకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా ఉంది, అది కూడా చెప్పేస్తాను. చెక్కలు వెనక్కి తీసుకెళ్లిపోయిన కోపం నాలో ఇంకా ఉంది. ఇంజను సంగతి నువ్వు నాకు చెప్పాలా అని ఆయన నన్ను ఎన్నిసార్లు వెక్కిరించలేదు? చెప్పాను, ఊ అన్నాడు, ఇక ఆయన ఇష్టం అనుకున్నాను. టేపు తీసుకుని కోసిన చెక్కలు కొలవడానికి వెళ్లాను.

పది నిమిషాలు. పన్నెండేమో. ఇనుము విరిగిన చప్పుడు ఒకటి వచ్చి, మోత మొత్తం ఒక్కసారి ఆగిపోయింది.

నేను పరిగెత్తుకెళ్లేసరికి అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. బావ ఇంకా రంపాన్ని తోస్తున్నాడు. కదలట్లేదు, అయినా తోస్తున్నాడు. ఆయన చెవుల్లో అది ఇంకా నడుస్తోంది. మొద్దులో ముడి అడ్డొచ్చిందనుకుని ఇంకొంచెం బలంగా తోశాడు. తర్వాత తలెత్తి హెడ్మాస్టరు మొహం చూశాడు, టీచర్ల మొహాలు చూశాడు. చెయ్యి ఇంజను మీద పెట్టాడు. ఆ చెయ్యి తీయడం చాలాసేపు మర్చిపోయాడు. అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది.

మెకానిక్కు విప్పి చూశాడు. నూనె పుష్కలంగా ఉంది, కానీ ఒక పక్కకి చేరింది. లోపలి కడ్డీ కాలి నల్లబడి, విరిగి, ఇంజను గోడకి చిల్లు పెట్టింది. "అతికేది కాదు" అన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మా వైపు చూసి, "విరగడానికి ముందు పావుగంటైనా కొట్టుకుని ఉంటుందే. అంతమంది ఉన్నారు, ఒక్కరికీ వినబడలేదా?" అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బావ మెకానిక్కు పెదాలు చూస్తున్నాడు. అర్థమైందో లేదో తెలియలేదు. విరిగిన ముక్కని జేబులో వేసుకుని, ఇంటికి పోదాం పద అన్నాడు.

తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సంగతి అందరికీ తెలిసిపోయింది. డాక్టరు చెవిటివాడట, ఇన్నాళ్లూ చెవులు లేకుండానే రంపం నడిపాడట అని జనం రెండు వారాలు ఆశ్చర్యపోయి, మర్చిపోయారు. ఏ మోతకి భయపడి దాచామో అది రెండు వారాల మోత. బావకి పని ఇచ్చేవాళ్లు లేరు, చేయడానికి మిషనూ లేదు. ఆయన పొద్దున్నే లేచి, వేళకి స్నానాలూ సేవలూ చేయడానికి అల్లుడుగారు లేక, ఏం చేయాలో తోచక గేటు దాకా వెళ్లి రావడం చూసి, మా అక్క వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది. బండిని షెడ్డులోనే ఉంచాం. పలక మీద ముప్పై ఒక్క గీతలూ అలాగే ఉన్నాయి. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నేను మీసాలు తీసేశాను. ఇంట్లో నవ్వారు, కొట్టుకొచ్చినవాళ్లు పోల్చుకోలేకపోయారు. తీసేసినా ఆయన ఎదుట కూర్చోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. వెళ్లేవాణ్ణి, పక్కన కూర్చునేవాణ్ణి, వచ్చేసేవాణ్ణి.

మొన్నొక మధ్యాహ్నం వెళ్లాను. అక్క బట్టలు ఆరేస్తోంది. బావ షెడ్డు ముందు కుర్చీలో ఉన్నాడు. స్టూలు లాక్కుని సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను. నా పెదాలు చూశాడు.

"ఆ రోజు బళ్లో నాకు వినబడింది బావా" అన్నాను. "కొట్టుకుంటోందని తెలిసింది. ఒక్కసారి చెప్పి వదిలేశాను. నువ్వు విన్లేదని తెలిసే వదిలేశాను."

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"నువ్వన్నది అందలేదురా" అన్నాడు చివరికి. వినబడని మనుషులు మాట్లాడినట్టు కాస్త గట్టిగా. "నీ మొహం మాత్రం కనబడింది. ఏదో అయిందని తెలిసింది. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది. తీసి పళ్లలో పెట్టుకుంటే తెలిసిపోయేది. కానీ హెడ్మాస్టరు అప్పుడే నన్ను మెచ్చుకుంటున్నాడు. ఆపితే, ఏమన్నావురా అని అంతమందిలో నిన్ను అడగాలి. అడగలేక ఊ అన్నాను."

అక్క తడిబట్ట చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అది పోయినందుకు కాదురా" అన్నాడు. "ఐదు నిమిషాలు నిదానంగా తిప్పి ఆపాలి దాన్ని. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. ఆ రోజు అలా ఆపలేదు. అందుకే కాబోలు, ఇంకా ఆగట్లేదు."

లేచి షెడ్డులోకి వెళ్లాడు. చిల్లు పడ్డ ఇంజను మీద, కాలి మానిన అరచెయ్యి పెట్టాడు. అది ఐదు నెలలుగా చల్లగానే ఉంది. చెయ్యి అలాగే ఉంచి, మెడ తిప్పి నా పెదాల వైపు చూశాడు.

"ఆగిందంటావా?"

"ఊ" అన్నాను.